తుపానుకి తడిసిన వాల్వు ఆంప్లిఫయర్: కరెంటు ఇవ్వొచ్చా?

టెక్కలి_తీగ

నమస్కారం. మా నాన్నగారి గిటార్ ఆంప్లిఫయర్ బాగుచేయాలి. ఇంకా ప్లగ్ పెట్టలేదు. పెట్టొచ్చా, ముందు ఏమైనా చూడాలా అని అడుగుతున్నాను.

ఇది కంపెనీ సెట్టు కాదు. డెబ్బైల్లో విశాఖపట్నంలో ఒక రేడియో మెకానిక్ చేత కట్టించుకున్నారు. అల్యూమినియం ఛాసిస్ (రేకు చట్రం) మీద ఐదు వాల్వులు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు) ఉన్నాయి: ఒక ఈఎఫ్86, ఒక ఈసీసీ83, రెండు ఈఎల్84, ఒక ఈజెడ్81. ఈఎల్84ల మీద బెల్ అని ముద్ర ఉంది. ప్లైవుడ్ పెట్టె, పన్నెండు అంగుళాల స్పీకర్, దాని వెనక 15 ఓమ్స్ అని రాసుంది. ప్లగ్గుకి రెండే పిన్నులు.

నాన్న ఆర్కెస్ట్రా పార్టీలో హవాయన్ గిటార్ వాయించేవారు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగకైనా, అరసవల్లి రథసప్తమికైనా ఈ పెట్టె వెంట ఉండాల్సిందే. తర్వాత ప్రతి పార్టీకీ కీబోర్డు వచ్చేసింది, ఇది అటకెక్కింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి పెంకులు లేచిపోయాయి. వాన నేరుగా దీని మీదే పడింది. ఎండబెట్టి గోనెసంచిలో చుట్టి పెట్టాం, అంతే.

ఇప్పుడు చూస్తే మెయిన్ వైరు రబ్బరు ముట్టుకుంటే పొడైపోతోంది. పెద్ద డబ్బా కండెన్సర్ పైన తెల్లగా ఏదో పూసింది. స్పీకర్ కాగితం ఒక చోట చిరిగింది. లోపల బల్లి గుడ్లు కూడా ఉన్నాయి. నాన్నని అడిగితే "అదింకేటి పనిచేస్తాదమ్మా, వదిలీ" అంటున్నారు. ఇక్కడ ఒక టీవీ మెకానిక్‌కి చూపిస్తే, లోపలిదంతా పీకేసి ఐసీ బోర్డు పెట్టిస్తాను, పెట్టె అలాగే ఉంటుంది అన్నాడు.

నేను పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదివాను. సోల్డరింగ్ వచ్చు, మంచి మీటరు ఉంది. వాల్వులు మాత్రం మా సిలబస్‌లో లేవు.

బేస్_బాబు_విశాఖ

ఐసీ బోర్డు మాత్రం వద్దు సిస్టర్! అది పెట్టించాలంటే కొత్త ఆంప్ కొనుక్కోవచ్చు కదా. నా సలహా: వాల్వులు ఐదూ కొత్తవి తెప్పించు, కండెన్సర్లు, రెసిస్టెన్సులు అన్నీ మార్చెయ్. ఒకేసారి పని అయిపోతుంది, టెన్షన్ ఉండదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో హైదరాబాద్ కోఠిలోనో పార్టులు దొరుకుతాయి. వీలైతే ఫీడ్‌బ్యాక్ వైరు (ఔట్‌పుట్ నుంచి వెనక్కి మొదటి వాల్వుకి వచ్చేది) కూడా తీసెయ్, డిస్టార్షన్ అదిరిపోతుంది.

పాత_మీటర్_విజయనగరం

అమ్మా టెక్కలి, ప్లగ్ పెట్టలేదు చూశావా, సగం రిపేరు అక్కడే అయిపోయింది. నా దగ్గరికి వచ్చే పాత సెట్లలో చాలావాటిని చంపింది తుపాను కాదు, "పనిచేస్తుందేమో చూద్దాం" అని వేసిన స్విచ్చు.

బేస్ బాబు చెప్పినట్టు అన్నీ మార్చకు. అన్నీ ఒకేసారి మార్చిన సెట్టు మోగకపోతే తప్పు ఎక్కడుందో ఎవరికీ దొరకదు. పాతది చెడిందా, నువ్వు పెట్టింది తప్పా అన్నది తేల్చుకోలేం. చెడిందని మీటరు చెప్పినదే తీయాలి. ఇందులో మినహాయింపులు మూడే: మెయిన్ వైరు, ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు, వాల్వు గ్రిడ్డుకి (సిగ్నల్ అందుకునే చోటు) డీసీని ఆపి సిగ్నల్ మాత్రమే పంపే కప్లింగ్ కండెన్సర్లు మైనం పూసిన కాగితం రకమైతే అవి.

నువ్వు చెప్పిన ఐదు వాల్వుల వరస చూస్తే ఇది ముల్లార్డ్ 5-10 సర్క్యూట్టు లాగుంది. ఐదు వాల్వులు, పది వాట్లు, పేరులోనే ఉంది. గ్రామఫోన్ వినడానికి ముల్లార్డ్ వాళ్లు అచ్చేసి ఇచ్చిన డిజైను. సర్క్యూట్టు బొమ్మ నెట్‌లో దొరుకుతుంది, అచ్చు తీసి పక్కన పెట్టుకో. కట్టినాయన తన ఇష్టం కొద్దీ మార్పులు చేసి ఉంటాడు. తేడా కనిపించినచోట వెంటనే సరిదిద్దకు, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. గిటార్ కోసం కావాలనే చేసి ఉండొచ్చు.

ఇక ప్రాణానికి సంబంధించిన సంగతి. ఇందులో 300 వోల్టులకు పైన డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ఆ పెద్ద డబ్బా ఫిల్టర్ కండెన్సర్‌లో ఉండిపోతుంది. 10 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టెన్సుకి రెండు పక్కలా మొసలి క్లిప్పులు కట్టుకుని, కండెన్సర్‌కీ ఛాసిస్‌కీ మధ్య కొన్ని సెకన్లు పెట్టు. తర్వాత మీటరుతో కొలిచి సున్నా చూశాకే చెయ్యి పెట్టు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చిటపటలాడించే పద్ధతి వద్దు. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల ప్రోబు ఛాసిస్‌కి క్లిప్పు చేసేసి ఒక్క చేత్తోనే కొలువు.

రెండు పిన్నుల వైరు తీసిపారేసి మూడు తీగల వైరు వెయ్యి. ఎర్తు తీగకి ఛాసిస్ మీద సొంత బోల్టు ఉండాలి, దాని కింద ఇంకేదీ బిగించకూడదు. ఫేజు వైపు ఒక ఆంపియర్ స్లో బ్లో ఫ్యూజు. మెయిన్ వైరు నుంచి ఛాసిస్‌కి ఒక చిన్న కండెన్సర్ కనిపిస్తే కత్తిరించెయ్. గిటార్ తీగలు ఛాసిస్‌తో కలిసే ఉంటాయి కదా. ఛాసిస్‌లో కరెంటు ఉంటే వాయించేవాడి ఒంట్లోనూ ఉన్నట్టే. వాడు ఎదురుగా వేరే సెట్టు మైకుకి పెదాలు ఆనించాడంటే అయిపోయిందే. ఇంట్లో మూడో పిన్ను ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఎర్తు గుంట ఎండిపోయి ఉంటుంది, అది కూడా చూపించుకో.

ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్లు. నా దృష్టిలో ఆంప్లిఫయర్ అంటే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే. మిగతావన్నీ అరిగితే మార్చుకునే చెప్పులు. మోటార్ వైండింగ్ చేసే మన కుర్రాళ్లు మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టగలరు. ఔట్‌పుట్‌లో ప్రైమరీ, సెకండరీ పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి ఉంటాయి. చుట్లు లెక్కపెట్టి చుట్టేస్తే మోత వస్తుంది కానీ పైస్థాయి స్వరాలు మూగబోతాయి. అందుకని దాన్ని కాపాడుకోవాలి. తడిసిన బాబిన్ అట్ట తేమ పట్టి ఉంటుంది. ఛాసిస్‌ని అట్టపెట్టెలో పెట్టి, తగలకుండా దూరంగా ఒక 60 వాట్ల బల్బు వెలిగించి వెచ్చగా ఆరనీ. ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఉంటే 500 వోల్టుల మీద వైండింగుకీ ఇనపదిమ్మకీ మధ్య చూపించు. వాల్వులూ ఎలక్ట్రోలైటిక్‌లూ వేరుచేసి ఉన్నప్పుడే సుమా.

తర్వాత సిరీస్ బోర్డు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వరసలో పెట్టి, వాల్వులన్నీ తీసేసి, ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రమే కరెంటు ఇవ్వు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు మినుకుమంటే మంచిది, నిండుగా వెలిగితే లోపల షార్టు ఉన్నట్టు. వాల్వుల్ని లోపల వేడిచేసే హీటరు తీగలకి 6.3 వోల్టులు రావాలి, పదిశాతం అటూ ఇటూ ఫర్వాలేదు.

డబ్బా కండెన్సర్ పోయింది, దాని గురించి ఆలోచించకు. అందం కోసం డబ్బాని అక్కడే ఉంచి తీగలు విప్పేసి, కింద కొత్తవి కట్టు. 47 మైక్రోఫారడ్లు, 450 వోల్టులు. ఎక్కువ పెడితే హమ్ తగ్గుతుందని 220 పెట్టేవాళ్లున్నారు. ఏసీని డీసీ చేసే ఈజెడ్81 తర్వాత మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్లకు మించకూడదు. మించితే స్విచ్ వేసినప్పుడల్లా ఆ వాల్వు మీద పడే దెబ్బకి అది పోతుంది.

వాల్వులు కొనకు. గాజు లోపల వెండి రంగు అద్దం లాంటి మచ్చ ఉంటుంది చూడు, అది వెండిలాగే ఉంటే గాలి చొరలేదన్నట్టు. తెల్లబడితే ఆ వాల్వు పని అయిపోయింది. బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ల ఈఎల్84లు గట్టివి, తొందరపడి పారేయకు. ఎలాగూ ఇప్పుడు కొత్తవి స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి రావాలి.

స్పీకర్ కట్టకుండా సెట్టు మోగించకు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కొలతలు రాసి ఇక్కడ పెట్టు.

బేస్_బాబు_విశాఖ

మాస్టారూ, నోట్ చేసుకున్నాను. కానీ కార్బన్ రెసిస్టెన్సులు తేమకి విలువ పెరిగిపోతాయి కదా, అవైనా మార్చాలి కదా?

పాత_మీటర్_విజయనగరం

పెరుగుతాయి. లక్ష ఓమ్స్ ఉండాల్సింది లక్షా నలభై వేలు చూపించిందంటే తీసెయ్, వద్దనను. పదిశాతం లోపు ఉన్నవాటి జోలికి ఎందుకు? సోల్డరింగ్ ఐరన్ పెట్టిన ప్రతిసారీ యాభై ఏళ్ల నాటి ట్యాగ్ బోర్డు (పార్టులు సోల్డర్ చేసిన పలక) ఇంకొంచెం బలహీనపడుతుంది.

టెక్కలి_తీగ

మాస్టారూ, చాలా థాంక్స్. మీరు చెప్పిన వరసలోనే చేశాను. మెగ్గర్ మా పక్కింటి ఎలక్ట్రీషియన్ అన్నయ్య తెచ్చాడు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ బాగున్నాయన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్‌కి 200, 220, 240 అని మూడు కొసలున్నాయి. వైరు 220 మీద ఉంది. మా ఇంట్లో రాత్రిపూట 240 దాటుతోంది కాబట్టి 240 కి మార్చాను. హీటర్లు 6.4. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ఒక సగం 168 ఓమ్స్, ఇంకో సగం 181 ఉంది. ఈ తేడా తప్పా?

కొత్త కండెన్సర్లు కట్టాను. కప్లింగ్ కండెన్సర్లు మాత్రం ప్లాస్టిక్‌లా గట్టిగా, శుభ్రంగా ఉన్నాయని వదిలేశాను. వాల్వులన్నిటికీ మచ్చ వెండిలాగే ఉంది. వాల్వులు పెట్టి, సిరీస్ బల్బుని 100 వాట్లకి మార్చి వేస్తే బాగానే ఉంది. బల్బు తీసి నేరుగా వేశాక ఒక నిమిషంలో కుడివైపు ఈఎల్84 లోపలి రేకు ఎర్రగా కాలడం మొదలైంది. వెంటనే ఆపేశాను. ఆపేలోపు తీసుకున్న కొలతలు: ఎడమ వాల్వు మూడో పిన్ను 11 వోల్టులు, కుడి వాల్వు మూడో పిన్ను 19. రెండిటికీ 270 ఓమ్స్ రెసిస్టెన్సులు విడివిడిగా ఉన్నాయి, రెండూ సరిగ్గానే చూపిస్తున్నాయి.

పాత_మీటర్_విజయనగరం

168, 181 తేడా తప్పు కాదు. చుట్లు సమానమే, కానీ పైన చుట్టిన సగానికి చుట్టుకొలత ఎక్కువ, తీగ ఎక్కువ పడుతుంది.

ఇక లెక్క చూడు. మూడో పిన్ను కాథోడ్, వాల్వు లాగే కరెంటంతా ఆ 270 ఓమ్స్ గుండానే పోతుంది. 11 ని 270 తో భాగిస్తే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. ఎడమవాడు ఆరోగ్యంగా ఉన్నాడు. 19 ని 270 తో భాగిస్తే 70. ఈఎల్84 ప్లేటు, అంటే ఎర్రబడిన ఆ రేకు, 12 వాట్లు ఓర్చుకుంటుంది. 70 మిల్లీలంటే స్క్రీన్‌కి పోయే కాస్త తీసేసినా 17, 18 వాట్లు. కాలదా మరి?

ఎందుకు ఎక్కువ లాగుతోంది అన్నదే ప్రశ్న. రెండో పిన్ను గ్రిడ్డు, అక్కడ సున్నా ఉండాలి. ప్లస్ వోల్టులుంటే రెండే కారణాలు. ముందు వాల్వు నుంచి వచ్చే కండెన్సర్ డీసీని కారుస్తూ ఉండాలి, లేదా ఈఎల్84 లోపలే గ్రిడ్డు పాడై ఉండాలి. ఏది అన్నది తేల్చడం సులువు. కుడి వాల్వు పీకేసి, స్విచ్ వేసి, ఖాళీ సాకెట్టులో రెండో పిన్ను కొలువు. వోల్టులు అలాగే ఉంటే దొంగ కండెన్సర్. పోతే దొంగ వాల్వు. ఒకటి రెండు నిమిషాలు చాలు.

వాల్వు కొనడానికి డబ్బు తీయకముందే ఈ పరీక్ష చెయ్యి. కాలింది వాల్వు కాబట్టి వాల్వే చెడిందని అందరూ అనుకుంటారు. కొత్తది పెడతారు, అదీ కాలుతుంది, కంపెనీని తిడతారు.

టెక్కలి_తీగ

వాల్వు తీసేసినా రెండో పిన్ను మీద 11 వోల్టులు ఉంది! అంటే కండెన్సరే. 0.1 మైక్రోఫారడ్, 400 వోల్టులు అని ఉంది. పైకి ఒక్క పగులు కూడా లేదు. విప్పి మామూలు మీటరుతో కొలిస్తే విలువ సరిగ్గానే వస్తోంది, అదే అర్థం కావడం లేదు.

పాత_మీటర్_విజయనగరం

నీ మీటరు దాన్ని కొన్ని వోల్టులతోనే పరీక్షిస్తుంది. సెట్టులో దాని మీద 200 పైన ఉంటాయి. కారడం అప్పుడే బయటపడుతుంది. గ్రిడ్డు రెసిస్టెన్సు 470 కిలో ఓమ్స్ అయితే 11 వోల్టులు రావడానికి 23 మైక్రో ఆంపియర్లు కారితే చాలు. అంత చిన్న చెమ్మే ఇంత పని చేస్తుంది.

0.1, 630 వోల్టుల పాలీప్రొపిలీన్ పెట్టు. ఎడమదాన్ని కూడా మార్చు. చెడకుండానే మార్చమంటున్నానని బేస్ బాబు నవ్వుకోనీ. ఒకే ఈతలో పుట్టి, ఒకే వానలో తడిసిన జంట అది, రెండోదాన్ని నమ్మను.

టెక్కలి_తీగ

మార్చాను. ఇప్పుడు మూడో పిన్నుల మీద 10.9, 11.3. ప్లేట్ల మీద 308. ఎరుపు లేదు. కాలిన ఆ బెల్ వాల్వే మళ్లీ పెట్టాను, చక్కగా ఉంది. గిటార్ మోగింది!!

కానీ గుయ్‌మని ఒక హమ్ ఉంది. వాల్యూమ్ సున్నా చేస్తే పోతుంది. గిటార్ తీగలు ముట్టుకుంటే పెరుగుతోంది. ఈఎఫ్86 ని పెన్సిల్‌తో తడితే స్పీకర్‌లో టంగ్ అంటోంది.

పాత_మీటర్_విజయనగరం

టంగ్ అనడం ఈఎఫ్86 స్వభావం. కొద్దిగా అయితే భరించాలి. మరీ గంటలా మోగితే సాకెట్టు కింద రబ్బరు వాషర్లు వేసి చూడు.

హమ్ వాల్యూమ్‌తో పాటు పోతోంది అంటే ఫిల్టర్ తప్పు కాదు, తప్పు వాల్యూమ్‌కి ముందుంది. ఫిల్టర్ హమ్ 100 హెర్ట్జ్ ఉంటుంది, గరగరమంటుంది. నువ్వు వింటున్నది 50, మెత్తగా లావుగా ఉంటుంది. తీగలు ముట్టుకుంటే తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే గిటార్ ఎర్తు ఛాసిస్ దాకా చేరడం లేదు. ఇన్‌పుట్ జాక్ విప్పి చూడు. అల్యూమినియానికీ జాక్ వాషర్‌కీ మధ్య తెల్లటి తుప్పు పట్టి ఉంటుంది. సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. సన్న ఎమరీ కాగితంతో గీకి, నక్షత్రం వాషర్ వేసి బిగించు. జాక్ ఎర్తు కొస నుంచి ఈఎఫ్86 దగ్గరి ఎర్తు పాయింటుకి విడిగా ఒక తీగ కూడా వెయ్యి. వాల్యూమ్ కంట్రోల్, సాకెట్టు పిన్నులకి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టు. ఆసిడ్ ఫ్లక్సు మాత్రం దగ్గరికి రానీయకు.

బేస్_బాబు_విశాఖ

కంగ్రాట్స్ సిస్టర్! స్పీకర్ నాకు వదిలెయ్, ఆ పని నాకు బాగా వచ్చు. చిరుగుకి రెండు పక్కలా పలచటి టిష్యూ కాగితం ముక్క పెట్టు, నీళ్లు కలిపిన ఫెవికాల్‌ని బ్రష్‌తో పూయి. మందంగా పూస్తే ఆ చోట కోన్ బరువెక్కి గొంతు మారిపోతుంది. ఆరాక కోన్‌ని రెండు చేతుల వేళ్లతో సమానంగా లోపలికి నొక్కి చూడు. రాసుకుంటున్న చప్పుడు రాకూడదు, వస్తే కాయిల్ పక్కకి తిరిగినట్టు. 15 ఓమ్స్ స్పీకర్‌కి మీటరులో 11, 12 చూపిస్తుంది, కంగారు పడకు. అది పాడైనా కారు స్పీకర్ మాత్రం కట్టకు, 4 ఓమ్స్ ఉంటుంది.

ఫీడ్‌బ్యాక్ తీసే విషయం ఇంకోసారి ఆలోచించు.

పాత_మీటర్_విజయనగరం

కోన్ గురించి బాబు చెప్పింది సరైనదే.

ఫీడ్‌బ్యాక్ గురించి నా మాట వేరు. ఔట్‌పుట్ నుంచి ఈఎఫ్86 కాథోడ్‌కి వచ్చే ఆ తీగ వల్లే ఈ సర్క్యూట్టు అంత శుభ్రంగా మోగుతుంది. హవాయన్ గిటార్‌లో స్టీలు కడ్డీ జారుతుంటే గమకం గమకంలా వినపడాలి. దానిమీద డిస్టార్షన్ ఎక్కితే స్వరం ఎక్కడ నిలబడిందో తెలీదు. నాన్నగారి చేతికి సరిపడేలా కట్టిన సెట్టు ఇది. నీకు రాక్ వాయించాలనిపిస్తే ఆ తీగలో ఒక స్విచ్చు పెట్టుకో, రెండూ ఉంటాయి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగలు ఎప్పుడైనా విప్పాల్సి వస్తే రంగులు రాసిపెట్టుకో. తారుమారుగా కలిపితే ఫీడ్‌బ్యాక్ తిరగబడి, స్విచ్ వేయగానే సెట్టు ఊళకేస్తుంది.

టెక్కలి_తీగ

జాక్ కింద మీరన్నట్టే తెల్ల తుప్పు. గీకి బిగించి తీగ వేశాను, హమ్ దాదాపు పోయింది. కోన్ ఆరుతోంది. ఫీడ్‌బ్యాక్ అలాగే ఉంచుతున్నాను, స్విచ్చు సంగతి తర్వాత చూస్తాను. నాన్న వచ్చి విని "ట్రెబుల్ తక్కువుంది, ఇదివరకు ఇలాగుండేది కాదు" అని వెళ్లిపోయారు. ట్రెబుల్ కంట్రోల్ దగ్గర కండెన్సర్లు చూడాలా?

పాత_మీటర్_విజయనగరం

చూడు. కానీ ముందు గిటార్ వైరు మార్చి చూడు. పాతకాలపు పొడుగు వైరైతే దాని కెపాసిటెన్సే ట్రెబుల్‌ని మింగేస్తుంది. అదీ కాకపోతే టోన్ కండెన్సర్లు కొలువు. అవి పికోఫారడ్లలో ఉంటాయి, తేమకి మారి ఉండొచ్చు. నాన్నగారి చెవి చెబుతోంది కాబట్టి ఏదో ఉంది.

బేస్_బాబు_విశాఖ

మాస్టారూ, పనిలో పనిగా ఒకటి. నా ఫ్రెండు అమెరికా నుంచి పాత వాల్వు ఆంప్ తెచ్చాడు, 117 వోల్టులు 60 సైకిల్స్ అని రాసుంది. స్టెప్ డౌన్ పెట్టి వాడేయొచ్చా?

పాత_మీటర్_విజయనగరం

స్టెప్ డౌన్ వోల్టులు తగ్గిస్తుంది, సైకిల్స్ మార్చదు. 60 కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ని 50 మీద నడిపితే ఇనపదిమ్మ మీద భారం అయిదో వంతు పెరుగుతుంది, వేడెక్కుతుంది. 120 ఇచ్చేది కాకుండా 110 ఇచ్చేది కొను. అరగంట వాయించాక ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపెయ్. ఇంకేమైనా ఉంటే వాల్వుల పేర్లు రాసి వేరే పోస్టు పెట్టు, ఇది ఈ అమ్మాయిది.